నాయిన నోటి కింద పసుపు అక్షరాలు

పాండు పోయి రెండేళ్లయింది. అయినా ఇప్పుడు కూతురి పెళ్లి ఆయనే కుదిర్చాడట. అదెలాగని ఎవరైనా అడిగితే జవాబు ఒక సీడీలో ఉంది. శ్రీజ ఓణీల ఫంక్షన్ నాడు పాండు మైకు పట్టుకుని, తన బిడ్డను మేనమామ జగదీశ్ కొడుకు వీరేశ్‌కు ఇస్తానని నలుగురిలో మాట ఇచ్చాడని జగదీశ్ అంటున్నాడు. వీడియోలో పాండు పెదవులు కదులుతాయి. గొంతు మాత్రం వినబడదు, దాని మీద సినిమా పాట మోగుతూ ఉంటుంది. అందుకని జగదీశ్ రంజిత్ స్టూడియోకు వెళ్లి, పాండు నోటి కింద పసుపు అక్షరాలు వేయించి, ఆ సీడీని కులపెద్ద బాలస్వామి ఇంట్లో నలుగురికీ చూపించాడు. బతికున్నవాడైతే మాట మార్చుకోవచ్చు, చచ్చిపోయినవాడి మాటను ఎవరు మారుస్తారని పెద్దలు తేల్చబోయారు. శుక్రవారం నిశ్చితార్థం అనుకున్నారు కూడా. అప్పుడు శ్రీజ లేచి ఆ టీవీ వైరు పీకేసింది.

"ఈ అచ్చరాలు పుట్టిన కాడికే పోదాం, పదుండ్రి" అంది.

పోయారు.

రంజిత్ స్టూడియో గద్వాల పాత బస్టాండు వెనక సందులో, ఒక టైలరు షాపు మీద ఉంది. ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు మెట్ల మీద నిలబడాల్సిన గది అది. అందులో ఆరుగురు కూరుకుపోయారు. గోడకు ఫోటోల కోసం కట్టిన జలపాతం గుడ్డ ఒకటుంది. దాని ముందు స్టూలు మీద బాలస్వామి కండువా సర్దుకుని, ఫోటో దిగడానికి వచ్చినవాడిలాగే కూర్చున్నాడు. జగదీశ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయనకు ఊళ్లో చాలా మగ్గాలున్నాయి. ఎక్కడ నిలబడినా అది తన గుమ్మమే అన్నట్టు నిలబడడం ఆయనకు అలవాటు. శ్రీజ తల్లి సుమన, అంటే ఆ జగదీశ్ చెల్లెలే, గోడకు ఆనుకుని తల వంచుకుంది.

శ్రీజ చెయ్యి పట్టుకుని తెచ్చిన ఆరో మనిషి లక్ష్మీదేవమ్మ. పాండు తల్లి. చిన్నప్పుడు తట్టు పోసి రెండు చెవులూ పోయిన మనిషి.

"ముసలామెను ఎందుకు తోల్కొచ్చినవ్?" అన్నాడు జగదీశ్. "చెవులు ఇనబడనామెకు పంచాయతీ ఏంది?"

"పంచాయతీ ఆమె కొడుకు మాట గురించే గదా మామా. ఆమె ఉండొద్దా?"

"మామ అని పిలుస్తనే మామ మీద కేసు వెడ్తవ్. సదువు మంచిగ నేర్పింది."

శ్రీజ రంజిత్ వైపు తిరిగి, "పెట్టు" అంది.

రంజిత్ పాపం మింగలేక కక్కలేక ఉన్నాడు. జగదీశ్ ఇంట్లో ఏ శుభకార్యమైనా వీడియో అతనిదే. అట్లాగని ఈ పిల్ల కళ్లలోకి చూస్తే కుర్చీలో కూర్చోవడం కూడా కష్టంగా ఉంది. మౌసు కదిపాడు. తెర మీద పైన బొమ్మ వచ్చింది, దాని కింద మూడు పొడుగాటి వరసలు వచ్చాయి. ఒక వరసలో బొమ్మ, ఒక వరసలో పాట, ఒక వరసలో అక్షరాలు. దేనికదే. ఒకదాన్ని కదిపితే రెండోది కదలదు.

"మా నాయిన గొంతు ఏ వరసల ఉంది?" అని అడిగింది శ్రీజ.

"లేదు."

"ఏడవోయింది?"

"ఫంక్షన్‌ల జనరేటర్ సప్పుడు, మైకు కీక, పిల్లల ఏడుపు ఉంటయి. అది ఎవ్వరు ఇనరు. గొంతు తీసేసి పాట ఎయ్యాలె, అందరికి గట్లనే జేస్తం. మీ నాయిననే చెప్పిండు, మంచి పాట చూసి ఎయ్యు అని."

"క్యాసెట్?"

"దాని మీదనే అయిజ ఊర్ల ఇంకో పెండ్లి తీసిన."

ఈ దేశంలో ఎవడి పెళ్లి వీడియో చూసినా ఇదే తంతు. అమ్మ ఏడుస్తూ ఏదో చెబుతుంది, మేనమామ దీవిస్తాడు, తాత బూతులు తిడతాడు. అందరి నోళ్లలోంచీ అదే పాట వస్తుంది, పైనుంచి గులాబీ రేకులు రాలుతాయి. మన మాటలు మనకే లొల్లిగా తోచి, సొంత చేతులతో తుడిపించుకున్నాం. పాండూ అదే చేశాడు. ఇవాళ అతని బిడ్డ ఆ గొంతు కోసం కంప్యూటర్ ముందు నిలబడి దేవులాడుతోంది.

"గొంతు లేనప్పుడు ఈ మాటలు నీకెట్ల తెలుసు? నువ్వు ఇన్నవా?"

"మైకు కీకకు పందిట్ల ఎవ్వరికి ఇనవడలే, కెమెరా పట్టినోనికి బొమ్మ మీదనే ధ్యాస. జగదీశన్న చెప్పిండు, నేను కొట్టిన."

"నేను ఇన్న" అన్నాడు జగదీశ్. "పక్కనే ఉన్న. మైకు ఇచ్చిందే నేను."

తెర మీద పాండు మైకు అందుకున్నాడు. పెదవులు తెరిచాడు. అడుగున నల్ల పట్టీ, దాని మీద పసుపు అక్షరాలు పడ్డాయి: 'నా కుమార్తె శ్రీజను మా బావగారైన జగదీశ్ గారి కుమారుడు వీరేశ్‌కు ఇచ్చి వివాహం జరిపిస్తానని అందరి సమక్షంలో మాట ఇస్తున్నాను.'

శ్రీజ ఫక్కున నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు.

"మా నాయిన 'సమక్షంలో' అన్నడా? పెద్దయ్యా, నువ్వు చెప్పు. మా నాయిన బతికున్నన్ని దినాలు ఆ మాట ఎన్నడన్న అన్నడా? చచ్చినోని కండ్లు చారెడంటరు, మా మామ నోరు గూడ చారెడు చేసిండు."

"సబ్‌టైటిల్ల రాసేది గట్లనే ఉంటది" అని గొణిగాడు రంజిత్. "పుస్తకం భాషల రాస్తేనే మంచిగ కనవడ్తది."

"మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాడు. ఈసారి శ్రీజ అక్షరాలు చదవలేదు, తండ్రి మొహం చూసింది. పాండు నోరు తెరిచాడు. కొద్దిగా మాట్లాడాడు. నోరు మూసి, మైకు వెనక్కి ఇచ్చేశాడు. అక్షరాలు అట్లాగే ఉన్నాయి. పాండు పక్కకు జరిగాడు, కండువాతో మెడ తుడుచుకున్నాడు. అప్పటికీ అట్లాగే ఉన్నాయి.

"మా నాయిన నోరు మూసిండు. కింద మాట ఇంక నడుస్తనే ఉంది. ఇదెట్ల?"

"చదివేటోళ్లకు టైం ఇయ్యాలె చెల్లె. మనిషి మాట్లాడినంత జల్దిగ కన్ను చదవదు. అందుకే నోరు మూసినంక గూడ జర ఉంచుతం."

"జర అంటే గింతనా? నేను మూడుసార్లు చదివిన, ఇంక పోతలేదు. ఇంత మందం పట్టీ ఎందుకు? వేరే సీడీలల్ల నీ అచ్చరాలు చూసిన, సన్నగ ఉంటయి."

రంజిత్ జగదీశ్ వైపు చూడకుండా ఉండడానికి కీబోర్డు వైపు చూశాడు.

"మందంగ ఎయ్యుమన్నది జగదీశన్ననే. ఆఖరి దాంక ఉంచుమన్నది గూడ ఆయననే."

"ముసలోళ్లు చదవాలె గదా అని జెప్పిన" అన్నాడు జగదీశ్. "తప్పా? సిగ్గులేని పిల్లా, చచ్చిన నాయిన మాటకు కొలతలు వెడ్తున్నవ్. నీ అయ్య ఉంటే ఈ మెట్ల మీదికెళ్లి తోసేస్తుండె నిన్ను."

"మా నాయిన ఉంటే నువ్వు ఈ మెట్లు ఎక్కకపోతుంటివి."

బాలస్వామి స్టూలు మీద కదిలాడు. "ఆడపిల్లవు. జర నోరు తగ్గించు" అన్నాడు. అప్పుడే గట్టిగా, చెవిటివాళ్ల గొంతుతో, లక్ష్మీదేవమ్మ మాట్లాడింది.

"ఆ నల్ల పట్టీ తియ్యుండ్రి. అచ్చరాలు నాకు రావు. నా కొడుకు ఏమంటుండో నన్ను సూడనియ్యుండ్రి."

 సుమన చప్పున తల ఎత్తింది.

అత్త నోరు చూసి మాట పట్టగలదని సుమనకు తెలుసు. ఆ ఇంట్లో కుట్టు అంచు చీరలు నేస్తారు. ఒంటికి నూలు, అంచుకు పట్టు. మగ్గం గుంతలో దిగి పాండు నేసేవాడు, ఒక కొసన సుమన, అవతలి కొసన దారం నాడె అందిస్తూ లక్ష్మీదేవమ్మ. మగ్గం చప్పుడులో చెవులున్నవాళ్లకే ఏమీ వినబడదు. అందుకని ఆ అత్తాకోడళ్లు ఏళ్ల తరబడి గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకున్నారు. పొయ్యి మీద పప్పు, పక్కింటివాళ్ల కొట్లాట, పాండు జ్వరం, అన్నీ.

"నోరు సూసి మాట పడ్తదంట!" జగదీశ్ వెటకారంగా అన్నాడు. "రేపు చేపలు గూడ ఏమనుకుంటున్నయో జెప్తదేమో."

బాలస్వామి ఆమె వైపు తిరిగి, గొంతు తీయకుండా పెదవులు మాత్రం కదిపాడు. గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"మాపటికి ఏం వండినవని అడుగుతున్నవా?" అంది లక్ష్మీదేవమ్మ. "జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. పంచాయతీ మంచిగ జెప్తే రా, పెడ్త."

బాలస్వామి గంభీరంగా ఉండాలని చూశాడు గాని మీసం కింద నవ్వు ఆగలేదు. జగదీశ్ నవ్వలేదు.

మరి ఇన్నాళ్లూ ఆమెను ఎందుకు అడగలేదంటే, ఎవరికీ తోచలేదు. మాట గురించిన తగాదాలో చెవిటిదానితో ఏం పని అనుకున్నారు. ఓణీల ఫంక్షన్ నాడు ఆమె ఆ పందిట్లో లేదు. భర్త పోయిన మనిషి మనవరాలి శుభకార్యంలో ముందుకు రాకూడదని వెనక వంటల దగ్గర కూర్చోబెట్టారు. సొంత మనవరాలికి పసుపు రాయడానికి లేదు, ఉల్లిగడ్డలు కొయ్యడానికి మాత్రం ఉంది. పాండు ఉన్నప్పుడు ఇంట్లో టీవీ లేదు, పోయాక ఆ సీడీని ఎవరూ వెయ్యలేదు. కొడుకు ఆనాడు నోరు తెరవడం ఆమె ఇప్పటిదాకా చూడలేదు.

"పోదాం పా బిడ్డా" అంది సుమన. శ్రీజ చెయ్యి పట్టి లాగింది. "అత్త పరేషానైతది. సచ్చిన కొడుకును చూస్తే ఆమెకు పాణం ఆగదు. ఇడిసిపెట్టు."

"అమ్మా, నువ్వు జర ఊకో. భయపడకు. మామకు నేను జవాబు జెప్త."

సుమన చెయ్యి వదిలేసింది. గోడ దగ్గరికి వెళ్లి మళ్లీ తల వంచుకుంది.

"రంజిత్, అచ్చరాలు తియ్యు."

"తియ్యకు" అన్నాడు జగదీశ్.

రంజిత్ చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. ఇద్దరి మధ్యా ఆ చెయ్యి చిక్కుకుంది.

"తియ్యు" అన్నాడు బాలస్వామి. "నా ఇంట్ల నాకు చూపిచ్చిన సీడీ అది. పట్టీ కింద ఏముందో నేను గూడ సూడాలె."

అక్షరాల వరస పక్కన చిన్న కన్ను బొమ్మ ఉంది. రంజిత్ దాని మీద నొక్కాడు. నల్ల పట్టీ, పసుపు అక్షరాలు, కుమార్తె, సమక్షం అన్నీ మాయమయ్యాయి. అడుగున కొత్త మనుషులు వచ్చారు. పీట మీద పట్టు ఓణీతో, సిగ్గుతో మెడ వంచిన చిన్న శ్రీజ. ఆమె పక్కన చాప మీద, ఒళ్లో పసుపు కుంకుమల పళ్లెంతో సుమన.

లక్ష్మీదేవమ్మ తెర దగ్గరికి జరిగింది. కొడుకు కనబడ్డాడు. చెయ్యి ఎత్తి ఆ అద్దం మీద అతని చెంప తాకింది. ఆమెకు ఏడుపు వచ్చింది. దాన్ని ఆపుకోవాలని కూడా అనుకోలేదు, కళ్లు కారుతుండగానే చూసింది. శ్రీజ ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. తన బతుకంతా ఇప్పుడు ఈ ముసలి కళ్లలో ఉందని ఆ పిల్లకు తెలుసు.

"మల్ల" అంది ముసలామె. రంజిత్ మళ్లీ నడిపాడు.

"'బావా, తప్పు వట్టకు' అంటుండు" అంది ఆమె. "'పిల్లకు సదువు మీద పాణముంది. పెద్దదైనంక దాన్నే అడుగు. నేను మాటియ్య.' గంతే. మైకు ఇచ్చేసిండు."

శ్రీజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాండు నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనేది. ఆమె కూడా అనుకునేది. ఆ మనిషి నిండు పందిట్లో, నేయడానికి నూలిచ్చే బావ మొహం మీద, తన కోసం కాదన్నాడు. ఆ సంగతి ఇంటికొచ్చి బిడ్డతో కూడా చెప్పలేదు. ఆ క్షణంలో ఆమెకు తండ్రి మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, ఎదురుగా జగదీశ్ ఉన్నాడన్న సంగతే మరిచిపోయింది.

"ఇన్నరా పెద్దయ్యా?" అంది. "నాయిన ఇయ్యనన్నడు. ఇయ్యనన్న నోటి కిందనే ఇస్తనని రాసిండ్రు!"

"మనుమరాలు నేర్పింది, అవ్వ జెప్పింది" అన్నాడు జగదీశ్. గొంతు పెరిగింది గాని మొహంలో రంగు లేదు. "చెవిటిదాని మాట సాక్ష్యమా? థూ!"

"నీది సాక్ష్యమైతే ఆమెదెందుకు గాదు?" అన్నాడు బాలస్వామి. "జగదీశూ, నా మొఖం మీద అబద్ధం ఆడినవ్."

ఈ గొడవేదీ లక్ష్మీదేవమ్మకు చేరలేదు. ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి. బొమ్మ ఆగలేదు. పాండు మెడ తుడుచుకుంటున్నాడు. ఆమె ఇప్పుడు కొడుకును చూడడం లేదు, అడుగున చూస్తోంది.

"ఆపుండ్రి. ఎనక్కి తిప్పుండ్రి" అంది. "గీ నోరు నాకు కొడుకు నోటికన్న ఎక్కువ ఎరుక."

రంజిత్ వెనక్కి తిప్పాడు. చాప మీద కూర్చున్న సుమన తలెత్తి, పక్కన నిలబడ్డ అన్న చెయ్యి పట్టుకుంది. పెదవులు కదిలాయి. ఇందాకటిదాకా ఆ పెదవుల మీద నల్ల పట్టీ ఉంది.

లక్ష్మీదేవమ్మ ఒక్కో మాటా చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె గొంతు సన్నబడింది.

"'అన్నా, మనసు చిన్నగ చేసుకోకు. ఆయన గట్లనే అంటడు. కన్నదాన్ని నేను. నేనిస్తున్న మాట. శ్రీజ నీ ఇంటికే వస్తది.'"

ఆమె తెర వదిలి గోడ వైపు తిరిగింది. "సుమనా, నువ్వా?"

శ్రీజ కూడా తిరిగింది. తల్లి మొహం చూసి, అది నిజమని అడగకుండానే తెలుసుకుంది. ఇన్ని రోజులూ పక్కన కూర్చున్న తల్లి. తను ఏడుస్తుంటే వెన్ను నిమిరిన తల్లి. ఆమెకు కోపం కాదు, ముందు చలి వేసినట్టయింది.

"ఇప్పుడు కడుపు నిండిందా?" అన్నాడు జగదీశ్. ఆయన అరవలేదు, అదే భయంకరంగా ఉంది. "పట్టీ మందంగ ఎయ్యుమన్నది ఎందుకో తెలిసిందా? మొగడు కాదన్నది పెండ్లాం అవునన్నదని నలుగురికి ఎరుకైతే, దాన్ని బతకనిస్తరా ఈ మనుషులు? అది నా చెయ్యి వట్టి మాట్లాడుడు కనవడ్తే ఏమన్నదని అడుగుతరని నా చెల్లె మొఖం దాచిన. మాట అబద్ధం గాదు, మనిషిని మార్చిన గంతే. ఆడిదాని మాట మీరు లెక్కవెట్టరని బావ నోట్ల పెట్టిన."

"లెక్కవెట్టం" అన్నాడు బాలస్వామి, లేచి నిలబడి కండువా దులిపాడు. "మొగడు బతికుండంగ ఆడిది ఇచ్చిన మాట మాటనా? పాండు ఇయ్యనన్నడు, అయిపాయె. శ్రీజా, నువ్వు గెలిచినవ్. శుక్రారం లేదు, ఏం లేదు. ఇంటికి పోండ్రి."

గెలిచింది. శ్రీజ ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే. దండం పెట్టి బయటికి నడిస్తే చాలు. ఆమె తల్లి వైపే చూస్తూ నిలబడింది.

"ఎట్ల అయిపోతది పెద్దయ్యా?"

అందరూ గోడ వైపు చూశారు. మగవాళ్ల ముందు సుమన నోరు విప్పడం ఆ గదిలో ఎవరూ ఇంతకు ముందు వినలేదు. తల మీది కొంగు జారినా ఆమె సర్దుకోలేదు.

"పెదవి దాటితే పృథివి దాటుతదని మీరే అంటరు. నా పెదవి పెదవి గాదా? మొగడు పోయినంక ఆ మగ్గం గుంతల దిగి, దీన్ని సదివిచ్చి, మీ అందరి ముందు నిలవడి కొట్లాడేటట్టు జేసింది నేను. నేను గుంతల దిగింది లెక్కకొచ్చింది. నా మాట లెక్కకు రాదా?"

"అమ్మా, వద్దు" అంది శ్రీజ. "తప్పయింది అను. ఒక్క మాట అను, చాలు."

సుమన బిడ్డ మొహంలోకి సూటిగా చూసింది. కళ్లల్లో నీళ్లున్నాయి.

"అనను. నేను ఇచ్చిన మాట నేను తిప్పుకోను. రంజిత్, ఆ అచ్చరాలు మల్ల ఎయ్యి. ఈసారి నా నోటి కింద ఎయ్యి."